సర్వనామాల ఆటలు: అపోహలు - వాస్తవాలు

చిన్న తరగతులకు తెలుగు చెప్పే టీచర్లలో సర్వనామాల పాఠం అంటే "అదెంత, ఒక్క పీరియడ్‌లో అయిపోతుంది" అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. నిజమే, అయిపోతుంది. పిల్లలు నిర్వచనం అప్పజెబుతారు, ఖాళీలు పూరిస్తారు. మర్నాడు కథ రాయమంటే ప్రతి వాక్యంలోనూ సీత, సీత, సీత. లేదంటే "అతను అతన్ని తోశాడు" అని రాసి, ఎవరు ఎవర్ని తోశారో తేల్చుకునే పని మనకు వదిలేస్తారు. దీనికి ఆటలు మంచి మందు. కాకపోతే ఆటల చుట్టూ కూడా అపోహలున్నాయి.

అపోహ: పేరు తీసేసి సర్వనామం పెట్టించే ఆట ఆడిస్తే చాలు.

వాస్తవం: నామవాచకానికి బదులుగా వాడేది సర్వనామం అన్న నిర్వచనం తప్పు కాదు గానీ సగమే. "నేను", "నువ్వు" ఏ ఒక్కరి పేరుకూ అతుక్కుని ఉండవు. మాట్లాడేవాళ్ళు మారినప్పుడల్లా చేతులు మారుతుంటాయి. కాబట్టి ఆటలో వినేవాళ్ళు ఉండాలి. వాళ్ళకు అర్థం కాకపోతే ఆట అక్కడే ఆగాలి. నేను తరచుగా ఆడించేది "ఎవరా అతను?" ఒకరు ముందుకొచ్చి చిన్న గొడవ ఒకటి చెప్పాలి. "రాము, సోము బంతి కోసం పోట్లాడుకున్నారు. అతను అతన్ని తోశాడు" అనగానే క్లాసంతా "ఎవరా అతను?" అని అరుస్తుంది. పేరు చెబితే గానీ కథ ముందుకు సాగదు. అవసరం లేకుండా అదే పేరు మళ్ళీ మళ్ళీ వస్తే బల్ల మీద ఒక దరువు. ఖాళీలు పూరించడంలో ఈ రెండో వైపు అసలు కనబడదు: సర్వనామం ఎక్కడ వాడకూడదో కూడా పిల్లలకు తెలియాలి.

అపోహ: ప్రతి ప్రశ్నకూ ఒకే జవాబు ఉండాలి, లేకపోతే గందరగోళం.

వాస్తవం: ఆ గందరగోళమే కావాలి. తలా ఒక సర్వనామం కార్డు ఇచ్చి, మీరు క్రియ మాత్రమే పలకండి. "వచ్చాను" అంటే "నేను" లేస్తుంది, "వచ్చాడు" అంటే "అతను", "వాడు" లేస్తాయి. "వచ్చింది" అన్నప్పుడు "ఆమె", "అది" రెండూ లేస్తాయి. "వచ్చారు" అంటే "మీరు", "వాళ్ళు", "ఆయన" ముగ్గురూ నిలబడి ఒకరినొకరు చూసుకుంటారు. ఎవరూ తప్పు కాదు. తెలుగు క్రియే చాలావరకు ఎవరో చెప్పేస్తుంది, అందుకే మాటల్లో సర్వనామం తరచుగా ఎగిరిపోతుంది. ప్రతి వాక్యానికీ సర్వనామం తగిలించమని పిల్లల్ని సతాయించకండి.

అయితే క్రియ సాయపడని చోటు ఒకటుంది. దాని మీద మాత్రం ఎంతసేపు గడిపినా నష్టం లేదు.

అపోహ: "మేము", "మనం" ఎలాగూ ఇంట్లో మాట్లాడేవే, వాటికి ఆట ఎందుకు?

వాస్తవం: "వెళ్తాం" అన్న క్రియ రెండింటికీ ఒకటే. తేడా అంతా సర్వనామంలోనే ఉంది: వినేవాళ్ళు లెక్కలో ఉన్నారా, లేరా? నేల మీద సుద్దతో గీత గీసి, రెండు జట్లను చెరోవైపు నిలబెట్టండి. ఒక జట్టులోంచి ఒకరు వాక్యం చెబుతారు. "మేం నాటకం వేస్తున్నాం" అంటే అవతలి జట్టు కదలకూడదు. "మనం నాటకం వేస్తున్నాం" అంటే గీత దాటి వచ్చి కలవాలి. వేగం పెంచితే సరదా మొదలవుతుంది. కాసేపయ్యాక మీరే "మేం నాటకం వేద్దాం" అని చూడండి. "వేద్దాం" రమ్మంటుంది, "మేం" ఆగమంటుంది. సగం మంది ఒక కాలు గీత మీద పెట్టి ఆగిపోతారు. "అలా అనరు టీచర్!" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట వాళ్ళ నోట రావడం కోసమే ఇదంతా.

అపోహ: "నేను, నువ్వు, అది" వస్తే మిగతావి వాటంతటవే వస్తాయి.

వాస్తవం: "నేను" కాస్తా "నన్ను", "నాకు", "నాతో" అవుతుంది. "అది" ఏకంగా "దాన్ని", "దానికి", "దానిలో" అయిపోతుంది. ఒక పెట్టె, ఒక పెన్సిల్ పెట్టుకుని జంటలుగా ఆజ్ఞల ఆట ఆడించండి: "దాన్ని తియ్యి, ఇందులో పెట్టు, దానికి మూత పెట్టు." ఏ "దాని" దేనిదో అర్థం కాకపోతే చేతులు ఆగిపోతాయి. "తన" విషయానికొస్తే నటింపజేయడమే మేలు. "రాము తన పుస్తకం సోముకిచ్చాడు" అంటే పుస్తకం రాముదే. "తన" తీసి "అతని" పెట్టి, ఎవరి సంచిలోంచి తీయాలో పిల్లల్నే తేల్చుకోమనండి. వాదన బాగా నడుస్తుంది.

ఆటలకు బోలెడు సామగ్రి కావాలన్నది పట్టించుకోనక్కర్లేదు. "ఇది", "అది" నేర్పడానికి దగ్గర ఒక పెన్సిల్, దూరంగా ఒకటి చాలు.

అపోహ: తప్పు చెప్పినవాళ్ళు ఔట్ అయితేనే మజా.

వాస్తవం: ఔట్ అయి కూర్చునేది సాధారణంగా అభ్యాసం అవసరమైన పిల్లలే. తప్పు చెబితే జట్టు మారాలి అని పెట్టుకోండి, ఆట తగ్గదు. నోరు విప్పని పిల్లల్ని బలవంతంగా మాట్లాడించకండి. గీత దాటడం, కార్డు ఎత్తడం కూడా జవాబే.

ఆట అయ్యాక రాత పని కావాలంటే, విన్న కథనే నాలుగు వాక్యాల్లో రాయించి పుస్తకాలు మార్పించండి. పక్కవాళ్ళు ప్రతి సర్వనామానికీ చుట్టూ సున్నా చుట్టి, అది ఎవరిదో వాళ్ళ పేరు దాకా బాణం గీయాలి. బాణం ఎటు పోవాలో తెలియని వాక్యం రాసినవాళ్ళకే తిరిగి వెళ్తుంది.