బొమ్మ విమానం తిరగకపోతే ఓల్టేజి పెంచకండి: పాత రేకు విమానాలు, అపోహలు, వాస్తవాలు

పోయిన నెలలో మళ్లీ ఒకటి వచ్చింది. అట్టపెట్టెలో పాత చీర ముక్క పరిచి, దాన్ని ఒళ్లో పెట్టుకుని జగిత్యాల నుంచి బస్సులో హన్మకొండ దాకా తెచ్చింది ఒకావిడ. విప్పి చూస్తే రేకు విమానం. నాలుగు ఇంజిన్లు, ముందు భాగం పైన ఉబ్బు, తోక మీద నీలం గుండ్రం. బోయింగ్ 747, పాన్ యామ్ అనే అమెరికా విమాన సంస్థ రంగులు. పొట్ట కింద ‘మేడ్ ఇన్ జపాన్’. సెల్లుల పెట్టె మూత తీయగానే మోటారు తీగ మీది ఎనామిల్ పూత కాలిన వాసన కొట్టింది. నా పని మోటార్ల వైండింగ్, అంటే తీగ చుట్టడం. ముప్ఫై ఏళ్లుగా రోజూ పీల్చే వాసనే అయినా, బొమ్మలోంచి వస్తే మాత్రం ఇప్పటికీ మనసు పాడవుతుంది.

“అన్నా, మా బాపు దుబాయ్ నుంచి తెచ్చిండు. ఆయన పోయి ఆరేండ్లాయె. పిల్లలకు చూపిద్దామని అటక మీదికెళ్లి దించితే తిరుగలే. మా చిన్నోడు వైఫై డబ్బా అడాప్టర్ తగిలిచ్చిండు. గూ అన్నది, పొగొచ్చింది. ఎట్లన్న చేసి తిప్పాలె అన్నా, బాపు యాది ఇదొక్కటే ఉన్నది.”

వాళ్ల చిన్నోడు పక్కనే తల దించుకుని నిలబడ్డాడు. పన్నెండేళ్లుంటాయి. వాడి తప్పేం లేదు. పెద్దవాళ్లే అదే పని చేసి తెస్తున్నారు. ఒకాయన మోటార్‌సైకిల్ బ్యాటరీ పెట్టాడు, ఇంకొకాయన మొబైల్ చార్జర్ వైరు కోసి కలిపాడు. మా ఉత్తర తెలంగాణ ఇళ్లలో ఇలాంటి బొమ్మలు చాలానే ఉన్నాయి. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కి పోయినవాళ్లు సూట్‌కేసుల్లో తెచ్చినవి. చాలావరకు అటకల మీదే ఉన్నాయి. దించిన రోజే కాలిపోతున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: చాలా ఏళ్లు పడి ఉన్న మోటారు మొద్దుబారుతుంది, కొంచెం ఎక్కువ ఓల్టేజి ఇస్తే లేస్తుంది.

నా దగ్గరికి వచ్చే నష్టాల్లో సగానికి పైగా దీని వల్లే. మోటారు మొద్దుబారదు. అందులో మొద్దుబారేదేమీ లేదు: రాగి తీగ, ఇనుప ముక్కలు, అయస్కాంతం, తిరిగే భాగానికి కరెంటు అందించే రెండు బ్రష్షులు. గడ్డకట్టింది గ్రీజు. ఫ్యాక్టరీలో పళ్ల చక్రాలకు పెట్టిన గ్రీజు నలభై, యాభై ఏళ్లకు ఎండి బంకలా మారుతుంది. కొన్నింట్లో గోధుమరంగు మైనంలా పట్టి ఉంటుంది, సూదితో గీకితే పొరలుగా లేస్తుంది. మోటారు తిరగాలనే చూస్తుంది, గేర్లు తిరగనివ్వవు.

పొలం ఉన్నవాళ్లకి ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది. ఇసుక పట్టి జామైన బావి మోటారుకి స్టార్టరు పదేపదే నొక్కితే ఏమవుతుంది? బొమ్మలోనూ అదే. తిరిగే మోటారు తనలో తాను ఎదురు ఓల్టేజి పుట్టిస్తుంది, అది కరెంటును అదుపులో ఉంచుతుంది. ఆగిపోయిన మోటారులో ఆ ఎదురు ఉండదు. వైండింగ్ రెసిస్టెన్స్ ఒక్కటే అడ్డు. ఈ జగిత్యాల విమానం లాంటి మోటారు బాగున్నప్పుడు మీటరు పెడితే ఒకటిన్నర ఓమ్ చూపిస్తుంది. రెండు సెల్లుల 3 ఓల్టులకు జామైతే లెక్క ప్రకారం 2 ఆంపియర్లు, 6 వాట్ల వేడి. అదే 12 ఓల్టుల అడాప్టర్ అయితే 8 ఆంపియర్ల దాకా లాగాలని చూస్తుంది, 96 వాట్లు. ఓల్టేజి నాలుగింతలైతే వేడి పదహారింతలు. వేలి చివరంత మోటారులో అంత వేడి! అడాప్టర్ అంత ఇవ్వలేకపోయినా, ఇచ్చినంతతోనే తీగ మీది ఎనామిల్ నల్లబడి చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. బ్రష్షులు పట్టుకునే ప్లాస్టిక్ వంగిపోతుంది. కొన్ని సెకన్ల పని.

ఇంకో సంగతి. ఈ బొమ్మలు తయారైన రోజుల్లో వాడింది మామూలు జింక్ కార్బన్ సెల్లు, మనం టార్చిలైటులో వేసే ఎర్ర సెల్లు లాంటిదే. అది ఎక్కువ కరెంటు ఇవ్వలేదు. జామైతే మోటారు కన్నా ముందు సెల్లే నీరసపడుతుంది. అదే ఆ మోటారుకు కాపలా. ఇప్పుడు లిథియం సెల్లులు చవకగా దొరుకుతున్నాయని, పాత ల్యాప్‌టాప్‌ల నుంచి తీసి బొమ్మల్లో బిగిస్తున్నారు. నిండా చార్జ్ అయితే ఒక్కోటి 4.2 ఓల్టులు. షార్టయితే ఆగదు, అంటుకుంటుంది. రేకు పెట్టెలో, ఇంట్లో, పిల్లల మధ్య అది వద్దు. చార్జ్ చేసుకునే నికెల్ సెల్లు ఒక్కోటి 1.2 ఓల్టులే కాబట్టి బొమ్మ కాస్త నెమ్మదిగా నడుస్తుంది, దానికి ఇబ్బంది లేదు. కానీ జామైతే అది కూడా గట్టిగా కరెంటు ఇస్తుంది. మధ్యలో చిన్న ఫ్యూజు పెట్టండి.

మరి అటక మీంచి దించిన విమానాన్ని ఎలా లేపాలి? ముందు సెల్లులు లేకుండా వేలితో తిప్పి చూడండి. ప్రొపెల్లర్ ఉంటే ప్రొపెల్లర్, జెట్ అయితే కింద చక్రం. బలం పెట్టొద్దు. కదలకపోతే గ్రీజు దగ్గరికి వెళ్లాల్సిందే. ఇయర్‌బడ్‌ని కిరసనాయిల్‌లో ముంచి, పిండి, గేర్లకు మాత్రమే తాకించండి. రంగు మీద పడనివ్వొద్దు. ఒక రాత్రి వదిలేసి మళ్లీ తుడవండి. బంక పోయాక కుట్టుమిషను నూనె, సూది మొనతో ఒక్కో ఇరుసుకు ఒక్క చుక్క. బ్రష్షులు రాసుకునే రాగి వలయం, కమ్యుటేటర్, దాని మీద నూనె పడకూడదు. పడితే కార్బన్ పొడి పట్టి ముద్దవుతుంది. దాన్ని స్పిరిట్ తడిపిన కాగితం ముక్కతో తుడవాలి. ఉప్పుకాగితం పెట్టి గీకారంటే ఆ సన్నటి రాగి పొర అరిగిపోతుంది.

కొబ్బరినూనె వేయకండి. చాలామంది వేస్తున్నారు. దాదాపు 24 డిగ్రీల కింద అది పేరుకుపోతుంది. మన చలికాలంలో సీసాలో చూడటం లేదా?

తరువాత సిరీస్ బల్బు. కరెంటు పని తెలిసినవాళ్లందరికీ సిరీస్ బోర్డు తెలుసు, అనుమానం ఉన్న మోటారును వంద వాట్ల బల్బు వెనక పెట్టి చూస్తాం. దాన్నే చిన్నగా చేసుకోండి. ఎల్ఈడీ కాదు, ఫిలమెంట్ ఉన్న పాత టార్చి బల్బు, 2.5 ఓల్టులది. సెల్లులకూ మోటారుకూ మధ్య దాన్ని కలపండి. బల్బు నిండుగా వెలిగిందంటే మోటారు జాములో ఉంది, తీసేసి మళ్లీ గేర్లు చూడాలి. వెలిగి వెంటనే మసకబారిందంటే మోటారు కదులుతోంది. పది రూపాయల బల్బు మోటారులో తీగ చుట్టి తిరిగే భాగమైన యాభై ఏళ్ల ఆర్మేచర్‌ని కాపాడుతుంది. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్లో కొన్న నా నాలుగు ప్రొపెల్లర్ల విమానాన్ని ఇలాగే మూడు రోజులు పట్టి లేపాను. మొదటిరోజు బల్బు నిండుగా వెలిగింది, రెండోరోజు కాస్త తగ్గింది. మూడోరోజు సాయంత్రం బల్బు ఎర్రటి నిప్పుకణంలా మారింది, ఎడమ రెక్క ప్రొపెల్లర్ ఒక్కటే తిరగడం మొదలైంది. తర్వాత రెండోది. దాన్ని అలాగే తయారుచేశారు, ఇంజిన్లు ఒకటి తర్వాత ఒకటి అందుకుంటాయి. మా ఆవిడని పిలిచి చూపించాను. అన్నం చల్లారిపోయింది, ఇద్దరం అక్కడే కూర్చున్నాం.

అపోహ: సెల్లులు లోపలే ఉంచితే మోటారు బాగుంటుంది.

ఉండదు. మోటారుకు సెల్లుతో పనుండదు, పెట్టెకు మాత్రం చేటు. కారిన సెల్లు రేకును తినేస్తుంది. ఆడించిన రోజే తీసేయండి. ఇప్పటికే కారి ఉంటే ఏ సెల్లో చూసుకోండి. ఎర్ర జింక్ కార్బన్ సెల్లు కారితే ఆమ్లం, వంటసోడా కలిపిన నీటితో తుడవాలి. ఆల్కలైన్ సెల్లు కారితే తెల్లటి పొడి, అది క్షారం, నిమ్మరసం చుక్కలు చాలు. రెండింటికీ చింతపండు రుద్దేస్తున్నారు. ఇత్తడి బిందెకు చింతపండు మంచిదే. ఇది ఇనుప రేకు మీద సన్నటి తగరం పూత. పులుపు మిగిలిపోయి, తగరం ఎక్కడైనా గీరుకుపోయి ఉంటే లోపలి ఇనుము ఇంకా తొందరగా తుప్పు పడుతుంది. ఏది వాడినా చివర్లో తడిగుడ్డ, ఆ వెంటనే పొడిగుడ్డ.

ఏ సెల్లు వేయాలో తెలియక టెన్షన్ పడేవాళ్లకు: మూత మీద యూఎం-1 అని ఉంటే పెద్ద టార్చి సెల్లు, యూఎం-2 దానికన్నా చిన్నది, యూఎం-3 పెన్సిల్ సెల్లు. జపాన్‌వాళ్ల పేర్లు అవి.

అపోహ: ఇది నిజాం కాలంది, లక్షలు పలుకుతుంది.

మా వరంగల్లో ఈ మాట ఎక్కువ. కారణం ఉంది. మామునూరు విమానాశ్రయం ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో 1930లో వచ్చింది. 1981 దాకా నడిచింది. నేను చిన్నప్పుడు మా నాన్న సైకిల్ మీద ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని అటువైపు తీసుకెళ్లేవాడు. కంచె అవతల రన్‌వే చూస్తూ గంటలు గడిపేవాళ్లం. నాకీ పిచ్చి అక్కడే పట్టింది. కానీ మామునూరు నిజాం కాలందైతే ఇంట్లో దొరికిన బొమ్మ కూడా ఆ కాలందే అవ్వాలని లేదు. విమానం బొమ్మే చెబుతుంది. బోయింగ్ 747 మొదటిసారి ఎగిరింది 1969లో, పాన్ యామ్ దాంట్లో ప్రయాణికులను ఎక్కించింది 1970 జనవరిలో. హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిసింది 1948 సెప్టెంబరులో. అప్పటికి ఆ విమానం ఆలోచన కూడా లేదు. 707 బొమ్మ అయితే, పాన్ యామ్ దాన్ని నడపడం మొదలుపెట్టింది 1958 అక్టోబరులో, కాబట్టి ఆ రంగుల బొమ్మ అంతకన్నా పాతది కావడం కష్టం. జపాన్ అమెరికా సైన్యం కింద ఉన్నప్పుడు, 1947 నుంచి 1952 దాకా ఎగుమతి సరుకు మీద ‘మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్’ అని వేసేవారు. ఆ అక్షరాలుంటే నిజంగా పాతదే. ఎంఈ అని, పక్కన అంకెలు ఉంటే చైనాది. ఎంఈ అంటే సెల్లులతో నడిచేది, ఎంఎఫ్ అంటే నేల మీద రుద్ది వదిలేది, ఎంఎస్ అంటే కీ ఇచ్చేది.

పాత వస్తువుల్లో రెడ్ మెర్క్యురీ అనే ఖరీదైన పదార్థం ఉంటుందన్న పుకారు విని అడిగేవాళ్లకు ఒకే జవాబు: అలాంటి పదార్థమే లేదు. పాత రేడియోల్లో లేదు, టీవీల్లో లేదు, బొమ్మ విమానాల్లో లేదు. ఆ పుకారు నమ్మి ఒకాయన విమానాన్ని స్క్రూడ్రైవరుతో నిలువునా చీల్చి తెచ్చాడు. ఫోన్‌లో వచ్చిన వీడియో చూశాడట. దయచేసి ఆపండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఇది ఎగరదు. ఎగిరేలా చేసింది కాదు, నేల మీద తిరుగుతుంది, గోడ తగిలితే కింది చక్రం పక్కకు తిరిగి దారి మార్చుకుంటుంది. కొత్తగా పెయింట్ వేయిస్తే విలువ పెరగదు, పడిపోతుంది. ఆ చిత్రాలు, కిటికీల్లోని ముఖాలు రేకు మీద ముందే అచ్చు వేసినవి, పైన బ్రష్ పెట్టారంటే మళ్లీ రావు. థిన్నర్, పెట్రోలు అసలు తగలకూడదు. అట్టపెట్టె పారేయొద్దు, కొనేవాళ్లు దాన్ని కూడా చూస్తారు. రేకు ముక్కలను పట్టి ఉంచే చెవులు వంచి తెరిచేటప్పుడు అవసరమైనంతే లేపండి, మూడోసారి వంచితే విరిగిపోతాయి. చిన్న పిల్లల చేతికి ఇవ్వొద్దు. అంచులు కోస్తాయి, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. పక్కన కూర్చుని చూపించండి.

ఇక జగిత్యాల విమానం. ఆర్మేచర్ బయటికి తీస్తే తీగ చుట్టిన మూడు పోళ్లూ బొగ్గే. పాత తీగ విప్పుతూ లెక్కపెట్టాను, పోలుకు 80 చుట్లు. తీగ 36 గేజి. అదే కొలతతో, భూతద్దం కింద కొత్తగా చుట్టాను, రెండు రాత్రులు పట్టింది. కమ్యుటేటర్ ఒక రెక్క ఊడింది, దాన్ని మళ్లీ అంటించాను. గేర్ల గ్రీజు మొత్తం తీసేశాను.

ఆదివారం తల్లీకొడుకులు వచ్చారు. సిరీస్ బల్బు చిన్నోడి చేతికే ఇచ్చి వాడితోనే కలిపించాను. బల్బు వెలిగింది, మసకబారింది. వాడు నా మొహం చూశాడు. “ఇగ బల్బు తీసెయ్యి బిడ్డా, నేరుగా కలుపు” అన్నాను. విమానం బల్ల మీద కదిలింది, ఇంజిన్లలో ఎర్ర లైట్లు మెరిశాయి, నా పనిముట్ల డబ్బాకు తగిలి ఆగి, పక్కకు తిరిగి మళ్లీ నడిచింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండు నిమిషాలు నడిపి ఆపేశాం. చీర ముక్కలో చుట్టే ముందు చిన్నోడే మూత తీసి రెండు సెల్లులూ బయటికి లాగి జేబులో వేసుకున్నాడు.