వర్గ సమీకరణాలు: కారణాంకాలు రాకపోతే మూలాలు లేనట్టేనా?

పేపర్లు దిద్దేటప్పుడు ఏటా ఈ వాక్యం కనిపిస్తుంది: "కారణాంకాలు రావడం లేదు, కాబట్టి మూలాలు లేవు." జవాబు అక్కడితో ఆగిపోతుంది. మిగతా లెక్కంతా చేయగలిగిన పిల్లలే ఇక్కడ మార్కులు పోగొట్టుకుంటారు. ఈ పాఠంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే.

వాస్తవం ఏమిటంటే, మధ్య పదం పూర్ణాంకాలతో విడిపోలేదు, అంతే. సమీకరణాన్ని నిజం చేసే ఎక్స్ విలువలే మూలాలు. వాస్తవ మూలాలు ఉన్నాయో లేవో తేల్చేది విచక్షణి, అంటే ఏఎక్స్² + బిఎక్స్ + సి = 0 లో బి² − 4ఏసి విలువ. ఎక్స్² − 4ఎక్స్ + 1 = 0 తీసుకోండి. లబ్ధం 1, మొత్తం −4 వచ్చే పూర్ణాంకాల జత ఎంత వెతికినా దొరకదు. ఒకమ్మాయి దీనికోసమే పేజీ నిండా జతలు రాసి, కొట్టేసి, ఏడుపు మొహంతో నా దగ్గరికి వచ్చింది. తనకిక లెక్కలు రావనే అనుకుంది పాపం. మూలాలు కనుక్కునే సూత్రం పక్కన పెట్టి ముందు పట్టిక వేయమన్నాను. ఎక్స్ 0, 1, 2, 3, 4 అయితే విలువలు 1, −2, −3, −2, 1. "0 దగ్గర గ్రాఫ్ ఎక్స్ అక్షానికి పైన ఉంది, 1 దగ్గరికి వచ్చేసరికి కిందికి దిగింది. మధ్యలో అక్షాన్ని దాటకుండా ఎలా దిగుతుందమ్మా?" అని అడిగాను. పెన్సిల్ తీసుకుని రెండు చోట్లా తనే గుర్తు పెట్టేసింది.

విలువలు 2కి అటూ ఇటూ ఒకేలా ఉన్నాయి కాబట్టి శీర్షం, అంటే గ్రాఫ్ మలుపు తిరిగే బిందువు, (2, −3). అంటే సమీకరణాన్ని (ఎక్స్ − 2)² = 3 అని రాసుకోవచ్చు. మూలాలు 2 + √3, 2 − √3. సుమారుగా 3.73, 0.27. ఆ అమ్మాయి గుర్తులు పెట్టింది దాదాపు అక్కడే. విచక్షణి 12 ధనాత్మకం, అందుకే రెండు వాస్తవ మూలాలు. ఖచ్చిత వర్గం కాదు, అందుకే పూర్ణాంకాలతో కుదరలేదు. పరీక్షలో రెండు మూడు జతలు చూసి, కుదరకపోతే వెంటనే విచక్షణి కట్టండి.

"సూత్రం వాడితే మార్కులు కోస్తారు" అన్న పుకారు ఎవరు పుట్టిస్తారో గానీ, దయచేసి నమ్మకండి. ప్రశ్నలో ఫలానా పద్ధతి అని అడిగితే అదే వాడాలి. అడగకపోతే మీకు బాగా వచ్చిన పద్ధతిలో చేయండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. విచక్షణి రుణాత్మకం వచ్చిందంటే లెక్క తప్పినట్టు కాదు. ఎక్స్² + 2ఎక్స్ + 5 గ్రాఫ్ అక్షాన్ని తాకకుండా పైనే ఉండిపోతుంది, "వాస్తవ మూలాలు లేవు" అన్నదే జవాబు. ఎక్స్² = 5ఎక్స్ లో రెండు వైపులా ఎక్స్ కొట్టేస్తే 0 అనే మూలం పోతుంది. (ఎక్స్ − 3)² గ్రాఫ్ కుడికే జరుగుతుంది, ఎందుకంటే 3 పెడితేనే సున్నా వస్తుంది. బిందువులను స్కేలుతో కలపకండి, ఈ గ్రాఫ్ ఆకారాన్ని పరావలయం అంటారు, అందులో ఎక్కడా సరళరేఖ ముక్క ఉండదు.

జవాబు వచ్చాక కూడా టెన్షన్‌గా ఉంటే మూలాల మొత్తం, లబ్ధం చూసుకోండి. పై లెక్కలో మొత్తం 4, లబ్ధం 4 − 3 = 1. గుణకాలతో సరిపోయాయి, తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోవచ్చు.