నీళ్లూ కరెంటూ: బడిలో విడిపోయిన పాఠం

13వ శతాబ్దంలో గణపతిదేవుడి కాలంలో కట్టిన పాకాల చెరువుకు మోటరు అక్కర్లేదు. తూము ఎత్తితే చాలు, నీళ్లు పల్లానికి వాటంతటవే పారతాయి. బోరు కింద సాగుచేసే రైతుకు మాత్రం స్టార్టర్ నొక్కనిదే చుక్క రాదు. చెరువులు పూడి బోర్లు పెరిగేకొద్దీ తెలంగాణలో నీటి సమస్య కాస్తా కరెంటు సమస్యగా మారింది. రాత్రిపూట కరెంటు కోసం కాపలా కాసిన ఇళ్లలో పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. బడిలోకి వచ్చేసరికి నీరు ఒక పాఠం, విద్యుత్తు ఇంకో పాఠం.

చేసి నేర్చుకోవాలన్న మాట కొత్తదేమీ కాదు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పదో తరగతి దాకా సైన్స్ తప్పనిసరి అంది. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత బడులకు సైన్స్ కిట్ల పథకం వచ్చింది. పరికరం పగిలితే జవాబు చెప్పుకోవాలన్న భయంతో బీరువాకు తాళం వేసిన బడులు తక్కువేమీ కాదు. అయినా నా దృష్టిలో అసలు లోటు సామాన్లది కాదు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ప్రాక్టికల్స్ లేవు. పరీక్షలో లేనిదానికి పీరియడ్ ఎవరిస్తారు?

దీనికి భిన్నంగా నడిచింది 1993లో మొదలైన బాలల సైన్స్ కాంగ్రెస్. ఊళ్లోని సమస్యనే తీసుకుని పిల్లలు స్వయంగా కొలిచి, లెక్కగట్టి చూపాలి. 2012, 2013లలో దాని అంశం శక్తి వనరులే. ఆ పద్ధతిలో ఇక్కడి పిల్లలు చేయదగ్గ లెక్క ఒకటుంది. వెయ్యి లీటర్ల నీళ్లను 100 మీటర్ల లోతు నుంచి పైకి తేవడానికి, ఏ నష్టమూ లేదనుకున్నా, పావు యూనిట్‌కు కాస్త ఎక్కువే ఖర్చవుతుంది. మోటరులో, పైపులో పోయేది కలిపితే ఇంకా ఎక్కువ. ఇంటి మీటరు మీద చిన్న ఎర్రలైటు మిణుకుతుంటుంది. పక్కనే 3200 అని రాసి ఉంటే, అన్నిసార్లు మిణికితే ఒక యూనిట్ అయినట్టు. ఇంట్లో ఇలా లెక్కపెట్టొచ్చు. పొలం దగ్గరే చిక్కు. ఉచిత కరెంటు కావడంతో వ్యవసాయ మోటర్లకు చాలావరకు మీటర్లే లేవు. అంటే అందరికంటే ఎక్కువగా నీళ్లు తోడే చోటే రీడింగ్ దొరకదు. బకెట్ నిండడానికి పట్టే సెకన్లు, మోటరు మీది హెచ్‌పీ, నడిచిన గంటలు రాసుకుని అంచనా కట్టాల్సిందే. సైన్స్ నిజంగా మొదలయ్యేది అక్కడే అనిపిస్తుంది నాకు.

2012 నుంచి మారిన పాఠ్యపుస్తకాలు ఈ దారికి తలుపు తీశాయి. ప్రతి పాఠంలో కృత్యాలు పెట్టారు. తర్వాత సీసీఈ (పిల్లల పనిని ఏడాది పొడవునా చూసి అంచనా వేసే పద్ధతి) కింద పదో తరగతికి 20 ఇంటర్నల్ మార్కులు వచ్చాయి, వాటిలో ప్రాజెక్టు పనీ ఒకటి. ఏమైందో తల్లిదండ్రులకు తెలుసు. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయరు మీద 2022లో 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు పూర్తయితే, దాని ఫొటో నెట్ సెంటర్లో ప్రింట్ తీసి చార్టుకు అతికించేస్తే ప్రాజెక్టు అయిపోయినట్టే. నీటి మీద పలకలు ఎందుకు పెట్టారని అడిగేవాళ్లు లేరు.

ఆ 20 మార్కులు ఎత్తేసి మొత్తం రాతపరీక్షకే ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ప్రకటించింది, వెంటనే ఏడాది వాయిదా వేసింది. కాపీ ప్రాజెక్టులు చూసి విసిగిన టీచర్లు కొందరు సంతోషించారు కూడా. వాళ్ల విసుగు అర్థమవుతుంది కానీ, మార్కులు తీసేస్తే బకెట్టూ గడియారమూ పట్టుకుని బోరు దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లడానికి టైంటేబుల్‌లో మిగిలిన ఒక్క సాకూ పోతుంది.