రాకీ ఫ్లాట్స్: జింకలు తిరుగుతున్నాయి, పిల్లల్ని మాత్రం పంపడం లేదు

అమెరికాలో డెన్వర్ నగరానికి వాయవ్యంగా ఓ పాతిక కిలోమీటర్లు వెళ్తే రాకీ ఫ్లాట్స్ అభయారణ్యం వస్తుంది. పేరుకే అరణ్యం, ఉన్నదంతా గడ్డిమైదానం. 2018లో నడకదారులు తెరిచారు. చుట్టుపక్కల స్కూల్ బోర్డులు కొన్ని మాత్రం పిల్లల్ని అక్కడికి ఎక్స్‌కర్షన్‌కి తీసుకెళ్లొద్దని అప్పటికే తీర్మానించుకున్నాయి.

1952 నుంచి 1989 దాకా ఆ మైదానం నడిమధ్య అణుబాంబులకు కావాల్సిన ప్లుటోనియం (రేడియోధార్మిక లోహం) గోళాలు తయారయ్యేవి. రహస్యం బయటికి పొక్కకుండా ఫ్యాక్టరీ చుట్టూ వేల ఎకరాలు ఖాళీగా ఉంచారు. నాగలి పడలేదు, ఇళ్లు లేవలేదు. అరుదైన గడ్డిజాతులు బతికి బట్టకట్టింది ఆ కాపలా పుణ్యమే.

1969లో ప్లాంటులో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. దాని ప్రభావం తేల్చుకుందామని ఎడ్ మార్టెల్ అనే రసాయన శాస్త్రవేత్త, తోటివాళ్లతో కలిసి బయటి మట్టిని పరీక్షించాడు. ప్లుటోనియం దొరికింది. తీరా చూస్తే అందులో ఎక్కువ భాగం మంటల వల్ల వచ్చింది కాదు. ఆరుబయట ఏళ్ల తరబడి నిలవ ఉంచిన, ప్లుటోనియం కలిసిన నూనె డ్రమ్ములు తుప్పుపట్టి కారాయి. అక్కడి ఈదురుగాలులకు ఆ మట్టి తూర్పున ఊళ్ల వైపు లేచిపోయింది.

1989 జూన్‌లో ఎఫ్‌బీఐ దాడి చేసింది. ఒక ప్రభుత్వ సంస్థ మరో ప్రభుత్వ శాఖ ప్లాంటు మీద! ప్లాంటు నడిపిన రాక్‌వెల్ కంపెనీ 1992లో పర్యావరణ నేరాలు ఒప్పుకొని 1.85 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది.

అసలు పేచీ శుభ్రం చేయడంలో ఉంది. గ్రాము మట్టిలో ప్లుటోనియం 651 పికోక్యూరీల (రేడియోధార్మికతకు కొలత) వరకు ఉండనివ్వొచ్చని 1996లో అధికారులు అన్నారు. జనం గొడవ చేశాక అది 50కి దిగింది. అదీ పైన మూడడుగుల మట్టికే. లోతుకు వెళ్లేకొద్దీ నిబంధన సడలింది. 2001 చట్టం ఈ నేలను అభయారణ్యం చేసింది కాబట్టి, లెక్క కట్టింది అక్కడ పనిచేసే ఉద్యోగిని దృష్టిలో పెట్టుకుని. ఇల్లు కట్టుకుని పెరట్లో కూరగాయలు పండించుకునే కుటుంబాన్ని కాదు. జింకల పేరు చెప్పి పని తేలిక చేసుకున్నారని విమర్శకులు అనేది ఇందుకే. ఆ మాట కొట్టిపారేయదగింది కాదు.

దాదాపు 700 కోట్ల డాలర్ల ఖర్చుతో 2005లో పని ముగించారు. ఫ్యాక్టరీ ఉన్న సుమారు 1,300 ఎకరాల్లోకి మాత్రం ఇప్పటికీ ఎవర్నీ రానివ్వరు.

2019లో అభయారణ్యం తూర్పు అంచున కొత్త రోడ్డు కోసం మట్టి తీస్తే ఒక నమూనాలో 264 పికోక్యూరీలు వచ్చాయి. అదే నమూనాలోని ఇంకో భాగంలో 1.5 మాత్రమే. ప్లుటోనియం సన్నటి రేణువులుగా ఉంటుంది. అది పడిన చిటికెడు ఒకలా, పక్క చిటికెడు ఇంకోలా చూపిస్తుంది. మరుసటి ఏడాది పక్కనున్న బ్రూమ్‌ఫీల్డ్ నగరం ఆ రోడ్డు ప్రాజెక్టు నుంచి తప్పుకుంది.