సమశీతోష్ణ వర్షారణ్యాలు: గడ్డకట్టే చలి, మంటల గురించి అపోహలు - వాస్తవాలు

అపోహ: వాతావరణం వేడెక్కితే చలికి చచ్చే చెట్లు తగ్గుతాయి.

వాస్తవం: అమెరికాలోని ఆగ్నేయ అలాస్కా, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా తీరాల్లో జరిగింది తలకిందులు. అక్కడి సమశీతోష్ణ వర్షారణ్యాల్లో, అంటే చల్లటి వాతావరణంలో వానలు బాగా పడే అడవుల్లో, 4 లక్షల హెక్టార్లకు పైగా విస్తీర్ణంలో ఎల్లో సీడార్ దెబ్బతింది. వెయ్యేళ్లకు పైగా బతకగల చెట్టది. నీరు నిలిచే నేలలో దాని సన్నవేర్లు లోతుకు పోవు, పైపైనే పరుచుకుంటాయి. శీతాకాలం చివర్లో ఇవి పక్కనున్న హెమ్లాక్ అనే మరో చెట్టు వేర్ల కంటే ముందే చలిని తట్టుకునే శక్తిని వదిలేస్తాయి. నేలపై మంచు పేరుకుని ఉన్నంతకాలం ఫర్వాలేదు, అదే వాటికి కంబళి. ఇప్పుడు మంచుకు బదులు వాన పడుతోంది. ఆ తర్వాత కొన్ని రోజులు గట్టి చలి వేస్తే వట్టి నేల ఉష్ణోగ్రత సుమారు మైనస్ 5 డిగ్రీలకు దిగుతుంది, సన్నవేర్లు చస్తాయి. ఆకులు ఎండటం ఆ తర్వాతే కనిపిస్తుంది, అందుకే చాలాకాలం తెగులునే అనుమానించారు.

అపోహ: ఎల్లో సీడార్‌ను చంపేది బెరడు పురుగే.

వాస్తవం: కాదు. వేర్లు పోయి నీరసించిన చెట్టును వెతుక్కుంటూ అది వస్తుంది.

అపోహ: ఏడాదికి 3 మీటర్లకు పైగా వాన పడే అడవి అంటుకోదు.

వాస్తవం: ఆ వాన ఎక్కువగా శీతాకాలానిదే. 2015లో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపిక్ నేషనల్ పార్కులో, క్వీట్స్ లోయలో పిడుగు పడి పుట్టిన మంట దాదాపు 2,800 ఎకరాలను కాల్చింది. కొమ్మలకు వేలాడే నాచులాంటి లైకెన్ల ఎండిన తోరణాలు పట్టుకుని మంట కొమ్మలకెక్కింది. కింద పేరుకున్న ఆకుపొరలో నెలల తరబడి రాజుకుంది. పైనుంచి నీళ్లు పోస్తే దట్టమైన చెట్ల కొమ్మల గొడుగు దాటి నేలకు చేరేది కొంచెమే.

అపోహ: కాలిన అడవి మళ్లీ చిగురిస్తుంది.

వాస్తవం: నల్లమల టేకును చూసినవాళ్లకు అలాగే అనిపిస్తుంది. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో పెరిగే పెన్సిల్ పైన్ చెట్టు కాలితే అలా మొదట్లోంచి మళ్లీ చిగురించదు, విత్తనమూ దూరం పోదు. 2016 జనవరి పిడుగు మంటల్లో కాలినచోట నేలలోని పీట్ పొర (కుళ్లీ కుళ్లని మొక్కల అవశేషాల పొర) కూడా బూడిదైంది.

అపోహ: చచ్చిన సీడార్ ఇక పనికిరాదు.

వాస్తవం: 80 ఏళ్లకు పైగా నిలబడే ఉంటుంది, కలప గట్టిదనమూ పెద్దగా తగ్గదు. కలప కావాలంటే ముందు వీటినే కొట్టాలి. కొత్త మొక్కలు నీరు ఇంకిపోయే లోతైన నేలలో నాటాలి, జింకల నుంచి కాపాడాలి. పల్లపు చిత్తడిలో నాటితే శ్రమ వృథా.