చదువుకూ కొలువుకూ మధ్య నారుమడి

పిల్లలూ,

మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి మొన్న నన్ను నిలదీసింది. "తాతయ్యా, మా అన్నయ్య రోజూ పొద్దున్నే ఆర్టీసీ డిపోకు వెళ్తాడు. చేతులకు గ్రీజు అంటించుకుని వస్తాడు. నెల తిరిగేసరికి బ్యాంకులో డబ్బులు పడతాయి. అయినా పరీక్ష ఉంది, చదువుకోవాలి అంటాడు. ఇంతకీ అన్నయ్య చదువుకుంటున్నట్టా, ఉద్యోగం చేస్తున్నట్టా?"

ఎంత మంచి ప్రశ్న! ఆ అబ్బాయి పదో తరగతి తరువాత చేతిపనులు నేర్పే ఐటీఐ అనే శిక్షణ సంస్థలో డీజిల్ మెకానిక్ కోర్సు ఏడాది చదివాడు. ఇప్పుడు డిపోలో అప్రెంటిస్, అంటే పనిచోటే ఉండి పని నేర్చుకునేవాడు. పదో తరగతి ఫలితాలు వచ్చి, ప్రతి ఇంట్లోనూ "తరువాత ఏమిటి?" అనే మాట నలుగుతున్న రోజులివి. అందుకే ఆ అమ్మాయికి చెప్పిన జవాబునే మీ అందరికీ రాస్తున్నాను.

ఇది తొలకరి కాలం. మీకు దగ్గరలో ఎక్కడైనా వరి పొలాలుంటే ఒక మూలన చిన్న మడి, పచ్చటి తివాచీలా, చిక్కగా కనిపిస్తుంది. అదే నారుమడి. ఎకరా పొలానికి అయిదు సెంట్ల నారుమడి చాలు. అందులో పెరిగేది విత్తనం కాదు, ఇంకా పైరూ కాదు. దానికి నీళ్లు పెడతారు, ఎరువు వేస్తారు, పురుగు పట్టకుండా కాస్తారు. కానీ అక్కడినుంచి ఎవరూ పంట కోయరు. దాని పని పెరగడం, వేరు గట్టిపడడం, నాటుకు సిద్ధం కావడం. మీ అన్నయ్య డిపోలో ఉన్న ఏడాది అలాంటిదే అని ఆ అమ్మాయికి చెప్పాను.

మన చట్టం కూడా సరిగ్గా అదే చెబుతుంది. 1961లో వచ్చిన అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం అప్రెంటిస్ కార్మికుడు కాదు, శిక్షణ పొందుతున్నవాడు. అందులో నాకు ఎంతో నచ్చిన మాట ఒకటి ఉంది: అప్రెంటిస్‌కు తయారుచేసిన ఒక్కో ముక్కకు ఇంత అని లెక్కకట్టి డబ్బు ఇవ్వకూడదు. ఎందుకో ఆలోచించండి. ముక్కల లెక్కన డబ్బిస్తే కుర్రవాడు ముక్కలు పెంచడానికే చూస్తాడు. తప్పు ఎక్కడ జరిగిందో ఆగి చూసుకోడు. నారుమడి నుంచి ధాన్యం అడగకూడదని ఆ చట్టం రాసినవాళ్లకు తెలుసు.

ఇక అందరూ తికమకపడే స్థాయిల సంగతి. ఎండు విత్తనాన్నీ, నానబెట్టి మండె కట్టి మొలక తెప్పించిన విత్తనాన్నీ ఒకే రోజు చల్లితే మొలకెత్తినదే ముందు లేస్తుంది కదా. అప్రెంటిస్‌షిప్‌లో మెట్లు కూడా చేరేవాడు ఎంత తయారై వచ్చాడన్నదాన్ని బట్టే ఏర్పడ్డాయి. పదో తరగతితోనో, అంతకంటే తక్కువ చదువుతోనో నేరుగా వచ్చే పిల్లలున్నారు. వాళ్లకు ముందు ప్రాథమిక శిక్షణ ఇచ్చి, పనిముట్లు పట్టడం నేర్పి, ఆ తరువాతే యంత్రం దగ్గరికి పంపుతారు. అందుకే వాళ్లకు ఎక్కువ కాలం పడుతుంది. ఐటీఐ చదివి వచ్చినవాళ్లు నానిన విత్తనాలు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, టర్నర్, డీజిల్ మెకానిక్ వంటి పనుల్లో వీళ్లను ట్రేడ్ అప్రెంటిస్‌లు అంటారు. ఇంటర్‌లో వొకేషనల్ కోర్సు చదివినవాళ్లకు టెక్నీషియన్ వొకేషనల్ అని వేరే తరగతి ఉంది. పాలిటెక్నిక్ డిప్లొమా వాళ్లు టెక్నీషియన్ అప్రెంటిస్‌లు, డిగ్రీ లేదా ఇంజినీరింగ్ పూర్తిచేసినవాళ్లు గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌లు. ఈ చివరి మూడు రకాలకూ సాధారణంగా ఒక ఏడాది. దక్షిణాది రాష్ట్రాల్లో వీళ్ల వ్యవహారం చూసే బోర్డు చెన్నైలో ఉంది.

ఈ మెట్లన్నీ ఒకేసారి కట్టినవి కావు. చట్టం మొదట ట్రేడ్ అప్రెంటిస్‌ల కోసమే వచ్చింది. 1973లో డిప్లొమా, ఇంజినీరింగ్ డిగ్రీ వాళ్లను, 1986లో వొకేషనల్ ఇంటర్ వాళ్లను చేర్చుకుంది. 2014 సవరణతో ఆప్షనల్ ట్రేడ్ అనే మరో ద్వారం తెరిచారు. అంటే ప్రభుత్వం పట్టిక వేసిన పనులే కాకుండా, సంస్థ తనకు అవసరమైన పనిని తానే పాఠంగా రూపొందించుకుని నేర్పవచ్చు. దుకాణాలు, హోటళ్లు, గోదాములు ఇప్పుడు ఎక్కువగా ఈ దారినే అప్రెంటిస్‌లను తీసుకుంటున్నాయి.

డబ్బు సంగతీ చెప్పాలి, మీ ఇంట్లో పెద్దలు మొదట అడిగేది అదే. శిక్షణకాలంలో ఇచ్చే భృతిని స్టైపెండ్ అంటారు. 2019 నిబంధనల్లో నెలకు కనీస స్టైపెండ్ తొమ్మిదో తరగతిలోపు వాళ్లకు 5,000 రూపాయలు, పదో తరగతికి 6,000, ఇంటర్‌కూ ఐటీఐకీ 7,000, డిప్లొమాకు 8,000, డిగ్రీకి 9,000 అని పెట్టారు. శిక్షణ రెండో ఏడాదిలోకి వెళ్తే పదిశాతం పెరుగుతుంది. ఈ అంకెలు మారుతుంటాయి, మీరు చేరేనాటికి ఎంత ఉందో చూసుకోండి. ఇది జీతం కాదు. నారుమడికి పెట్టే నీరు. ఇంతే ఇస్తారా అని చిన్నబుచ్చుకోవద్దు. ఇది కూడా లేని కాలం నేను చూశాను.

మా ఊరి బడికి వెళ్లే దారిలో కొలిమి ఉండేది. ఏరువాక ముందు రోజుల్లో రైతులు నాగలి కర్రులు పట్టుకుని అక్కడ బారులు తీరేవారు. నా తరగతివాడే ఒకడు అయిదుతో బడి మానేసి ఆ కొలిమిలో కూర్చున్నాడు, అది వాళ్ల నాన్నది. అక్కడా మెట్లుండేవి. మొదట తిత్తి లాగడం. మంట ఎప్పుడు ఎగదోయాలో, ఎప్పుడు తగ్గించాలో చెయ్యి తెలుసుకునేదాకా అదే పని. తరువాత సమ్మెట. తండ్రి చిన్న సుత్తితో తట్టిన చోటే వీడు సమ్మెటతో కొట్టాలి. ఎన్నో ఏళ్లకు గానీ పట్టకారు చేతికి రాలేదు. ఇనుము ఏ రంగుకు వచ్చినప్పుడు తీసి నీళ్లలో ముంచాలో వాడికి చూడగానే తెలిసేది. నేను బడి ఎగ్గొట్టి గడప బయట నిలబడి చూసేవాడిని. లోపలికి రానిచ్చేవారు కాదు, ఆ విద్య ఆ ఇంటి పిల్లలకే.

తరువాత దుకాణాల్లో తయారైన కర్రులు దొరకడం మొదలైంది. కొలిమి చల్లారింది. నా స్నేహితుడు పట్నంలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్తే, ఏం చదివావు, ఏ కాగితం ఉంది అని అడిగారు. వాడి దగ్గర ఏముంది? ఎర్రటి ఇనుము రంగు చదవగలిగిన రెండు కళ్లు. వాడిని మూటలు మోసే పనికి తీసుకున్నారు. ఆ రోజు వాడి ముఖం ఇప్పటికీ నాకు బాధ కలిగిస్తుంది.

అందుకే మీ అన్నయ్యలు రాసే ఆ పరీక్ష నా దృష్టిలో చిన్న విషయం కాదు. ట్రేడ్ అప్రెంటిస్ శిక్షణ ముగించి అఖిల భారత స్థాయి పరీక్షలో గెలిస్తే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తారు. అది దేశమంతటా చెల్లుతుంది. పుట్టిన ఇంటితో పనిలేకుండా ఎవరైనా గడప లోపలికి రావచ్చని చట్టం చెప్పింది. ట్రేడ్ అప్రెంటిస్‌లలో ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతుల పిల్లలకు స్థానాలు కేటాయించింది. 30 మందికి తక్కువ కాకుండా పనిచేసే ప్రతి సంస్థా రెండున్నర నుంచి పదిహేను శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని కూడా చెప్పింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. నారుమడిలో ఊద అనే కలుపు మొలుస్తుంది. చిన్నప్పుడు అది అచ్చం వరిలాగే ఉంటుంది. కానీ వరి ఆకు కాండాన్ని అంటుకునే చోట పల్చటి పొర ఉంటుంది, ఊదకు ఉండదు. నారు తీసే ఆడవాళ్లు ఆకు వంచి చూసి ఇట్టే ఏరేస్తారు. శిక్షణ పేరుతో చవకగా చాకిరీ చేయించుకునేవాళ్లూ, అప్రెంటిస్‌షిప్ ఇప్పిస్తామని డబ్బు గుంజేవాళ్లూ ఊద మొక్కలే. అసలైన అప్రెంటిస్‌షిప్‌కు ఆ పల్చటి పొర దాని ఒప్పందపత్రం. అందులో పని పేరు, కాలం, స్టైపెండ్ రాసి ఉంటాయి, అది ప్రభుత్వంలో నమోదవుతుంది. మీకు పద్దెనిమిదేళ్లు నిండకపోతే అమ్మో నాన్నో సంతకం చేయాలి. పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాల్సింది యజమానే. ఒప్పందం చూపించమంటే తప్పించుకునే చోట ఒక్కరోజు కూడా ఉండకండి.

ఇంకొకటి కూడా దాచకుండా చెప్పాలి. శిక్షణ అయ్యాక అదే సంస్థ ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు. నారు ఏ మడిలో పెరిగిందో అక్కడే నాటరు కదా, పీకి కట్టలు కట్టి వేరే పొలానికి మోసుకెళ్తారు. నాటిన కొన్నాళ్లు ఆకులు పసుపెక్కి వాలిపోతాయి. తరువాత మూన తిరుగుతుంది, అంటే వేరు పట్టి మళ్లీ పచ్చబడుతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ వాలిన ఆకులే గుర్తొస్తాయి, వాళ్లమీద కోపం రాదు.

కానీ ఈ పోలిక ఒకచోట ఆగిపోతుంది. 120 రోజుల్లో కోతకొచ్చే 1010 రకం వరి విత్తనం ఎన్నటికీ 150 రోజుల స్వర్ణ రకం కాదు. మనిషి అలా కాదు. ఐటీఐ చదివినవాడు తగిన అర్హతలుంటే ప్రవేశపరీక్ష రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. పాలిటెక్నిక్ ముగించినవాడు ఈసెట్ అనే ప్రవేశపరీక్ష రాసి ఇంజినీరింగ్ రెండో ఏడాదిలోకి వెళ్లవచ్చు. కాబట్టి ట్రేడ్ అప్రెంటిస్ కింది మెట్టు, గ్రాడ్యుయేట్ పై మెట్టు అని మనుషులను తూచకండి. అవి లోపలికి వచ్చే గుమ్మాలు మాత్రమే. డిగ్రీ ఉన్న అబ్బాయి కూడా మొదటి నెలల్లో పాత మెకానిక్ వెనకాలే నిలబడి నేర్చుకుంటాడు.

ఆ పాత మెకానిక్ పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటాడు. ఏ బేరింగు అరిగిందో చెబుతాడు. పక్కన నిలబడ్డ కుర్రవాడికి మొదట మోత తప్ప ఏమీ వినిపించదు. కొన్ని నెలలు అలాగే వింటాడు. ఒకనాడు ఆ మోతలోంచి ఒక చిన్న గరగర విడిపోయి వినిపిస్తుంది. ఒక చెవిలోని విద్య మరో చెవిలోకి ఎలా వెళ్లిందో నేను ఉత్తరంలో రాయలేను, అది అక్కడ నిలబడి చూడాల్సిందే.

అందుకని ఈ సెలవుల్లో ఒకరోజు అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని మీ దగ్గరి ఐటీఐకి వెళ్లండి. ముందుగా అనుమతి అడగండి. ఫిట్టర్ విభాగంలో బెంచ్ వైస్‌కు ఇనుపముక్క బిగించి ఆకురాయితో రుద్దుతున్న పిల్లలను చూడండి. పని మధ్యలో ఆపించకండి. విరామంలో అక్కడి మాస్టారిని రెండే అడగండి: కిందటేడు ఇక్కడ చదివినవాళ్లు ఏ సంస్థల్లో అప్రెంటిస్‌లుగా చేరారు, ఆ ఖాళీల ప్రకటనలు ఎప్పుడు వస్తాయి. ఆయన చెప్పింది నోటుపుస్తకంలో రాసుకుని నాకు కూడా ఒక ఉత్తరం వేయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య