బూట్ల ముడతలు: మా షాపులో రోజూ వినే అపోహలు

"మంచి తోలైతే ముడతే పడదు కదండీ?" బూట్లు బాగుచేసే మా షాపుకి వచ్చేవాళ్లలో చాలామంది అనే మాట ఇది. నిజానికి పడని తోలునే అనుమానించాలి. అడుగు వేసినప్పుడల్లా వేళ్ల దగ్గర పాదం వంగుతుంది, దాంతోపాటు పైతోలూ వంగుతుంది. సన్నటి గీతలు సహజం. లోతుగా మడత పడిందంటే చాలాసార్లు సైజు పెద్దదై ఉంటుంది. ముందు ఖాళీ ఉన్న చోటే తోలు కుంగుతుంది. పిల్లలకు 'రేపు కాలు పెరుగుతుంది' అని పెద్ద సైజు కొనే ఇళ్లలో స్కూలు బూట్లు చూడండి, తెలుస్తుంది.

అపోహ: ఇస్త్రీ పెట్టెతో గట్టిగా అదిమితే ముడత పోతుంది.

వాస్తవం: పనిచేసే పద్ధతే, కానీ జాగ్రత్త లేకపోతే బూటే పోతుంది. కాటన్‌కి పెట్టే వేడిలో పెట్టె అడుగు 200 డిగ్రీల దాకా వెళ్తుంది. తడి తోలు అంత వేడి తట్టుకోలేదు. తంగేడు చెక్కలాంటి బెరడుతో ఊనిన (అంటే పచ్చి చర్మం కుళ్లకుండా పదును చేసిన) తోలు సుమారు 70-85 డిగ్రీలకే కుంచించుకుపోతుంది, క్రోమియం లవణాలతో ఊనినది 100 డిగ్రీల దగ్గర. అలా కుంచించుకున్న తోలు అట్టలా బిగుసుకుంటుంది, మళ్లీ మామూలవదు. సోల్ అంటించిన గమ్ కూడా వేడికి వదులవుతుంది.

చేయాలనుకుంటే ఇలా చేయండి. ముందు దుమ్ము తుడిచి, లెదర్ కండిషనర్ (తోలుని మెత్తగా ఉంచే క్రీము) పలచగా రాసి ఓ పూట వదిలేయండి. బూటు లోపల షూ ట్రీ (పాదం ఆకారంలో ఉండే అచ్చు) గానీ, తెల్లకాగితం గానీ ముడత సాగేలా బిగుతుగా కూరండి. అచ్చు కాగితం వద్దు, లేతరంగు లైనింగ్‌కి సిరా అంటుకుంటుంది. పాత నూలు గుడ్డ తడిపి బాగా పిండి, రెండు మడతలు వేసి పరవండి. ఇస్త్రీ పెట్టె అతి తక్కువ వేడిలో, ఆవిరి లేకుండా, కొన్ని క్షణాలు ఆనించి తీసేయండి. తోలు గోరువెచ్చగా ఉంటే చాలు. తర్వాత ఆ కూరినది తీయకుండా రాత్రంతా ఉంచాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. చల్లారేటప్పుడే తోలు ఆకారం నిలబెట్టుకుంటుంది. పైపై గీతలు తగ్గుతాయి, లోతువి పూర్తిగా పోవు. స్వేడ్ (నూగులాంటి తోలు), పేటెంట్ లెదర్ (అద్దంలా మెరిసే పూత తోలు), రెగ్జిన్ జోలికి మాత్రం వెళ్లకండి.

కొబ్బరినూనె గురించి అడగనివాళ్లు లేరు. రాయగానే మెత్తబడుతుంది, నిజమే. కానీ రంగు నల్లబడుతుంది, జిడ్డుకి దుమ్ము పట్టేస్తుంది. తలకి రాసుకునేది తలకే ఉంచండి.

పాలిష్ ముడతని తీయదు, కప్పుతుంది. పొర మీద పొర వేస్తే నడిచేటప్పుడు అదే పెళుసై పగులుతుంది.

ముడత, పగులు ఒకటే అనుకోవడం ఇంకో పొరపాటు. గోటితో మెల్లగా గీరి చూడండి. గోరు పట్టుకుంటే పైపొర తెగినట్టే. దాన్ని ఫిల్లర్‌తో, రంగుతో కనపడకుండా చేయగలం, అతికించలేం. మా విశాఖలో పగుళ్లకి పెద్ద కారణం వర్షంలో తడిసిన బూట్లని ఎండలోనో, హెయిర్ డ్రయ్యర్‌తోనో ఆరబెట్టడం. నీడలో, ఫ్యాను గాలికి ఆరనివ్వండి, ఒకరోజు పట్టినా సరే. గాజువాక వైపు డ్యూటీలకి రోజూ ఒకటే జత వేసుకెళ్లేవాళ్లకైతే నేను చెప్పేది ఒకటే: రెండో జత కొనుక్కోండి. చెమట పూర్తిగా ఆరని తోలే త్వరగా కుంగిపోతుంది.

ఇక బీరువాలో దాస్తే కొత్తగా ఉంటాయన్న నమ్మకం. విశాఖ తేమలో తోలుకి బూజు పడుతుంది. పీయూ (పాలీయురిథేన్ అనే ప్లాస్టిక్) సోల్ అయితే వాడకపోయినా కొన్నేళ్లకి తేమకే పొడిపొడిగా రాలుతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో మా దగ్గరికి వచ్చే టెన్షన్ కేసుల్లో ఇవే ఎక్కువ. మీ బీరువాలో అలాంటి జత ఉంటే ముహూర్తానికి రెండు వారాల ముందే తీసి, ఇంట్లో కాసేపు నడిచి చూడండి. సోల్ వేయించాల్సి వస్తే టైముంటుంది.